షమీమ్ ఒరిజినల్స్

వలి కూతుర్ని ఎత్తుకుపోవడానికి రెండు జీపుల్లో ఇద్దరు పెళ్లికొడుకులు వచ్చారనీ, ఒకడిది పెనుకొండ, ఇంకొకడిది ధర్మవరమనీ, ఇద్దరూ నడివీధిలో రక్తాలు కారేట్టు కొట్టుకున్నారనీ సోమక్క చెప్పిందని మునియమ్మ కనగానపల్లి అంతా తిరిగి చెప్పింది. సోమక్క మాత్రం ఒప్పుకోదు. "జీపులు రెండొచ్చినాయంటిని. పెండ్లికొడుకులని నేనెప్పుడంటినే?" అని ఇప్పటికీ మునియమ్మ కనబడితే తగువు పెట్టుకుంటుంది.

జీపులు రెండు వచ్చింది నిజం. రక్తం కారింది నిజం. పిల్ల కోసమే కొట్టుకున్నారన్నదీ నిజమే. కాకపోతే వచ్చింది పెళ్లికొడుకులు కాదు, కాలేజీలవాళ్లు.

అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. హజరత్‌వలికి బస్టాండు దగ్గర మోటారు వైండింగు షాపు. చుట్టుపక్కల ఏ బోరు మోటారు కాలినా ఆ షాపుకే వచ్చేది. ఒక్కతే కూతురు షమీమ్. నడక వచ్చినప్పటి నుంచి ఆ రాగితీగల మధ్యనే పెరిగింది. తండ్రి తీగ చుడుతుంటే చుట్లు లెక్కపెట్టే పని ఆ పిల్లది.

"ఇన్ని చుట్లే ఎందుకు నాయనా? ఇంకో పది ఎక్కువ చుడితే ఏమైతాది?" అని అడిగేది.

"మా వస్తాదు ఇన్నే చుట్టమన్నాడు. ఆయప్పను నేనడగల్యా" అనేవాడు వలి.

ఆ పిల్లకు ఆ జవాబు చాలలేదు. ఇంటర్ మంచి మార్కులతో ప్యాసయ్యాక, డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదువుతానని కూర్చుంది.

అందుబాటులో మూడు కాలేజీలున్నాయి. పెనుకొండలో ఒకటి, జనం దాన్ని కొండకింది కాలేజీ అనేవాళ్లు. ధర్మవరంలో ఒకటి, రైలుగేటు కాలేజీ. ఈ రెండూ ప్రైవేటువి. హిందూపురంలో గవర్నమెంటుది. మూడూ ఒకే యూనివర్సిటీ కిందివి. అదే సిలబసు, అదే ప్రశ్నపత్రం, ఆఖర్న ఇచ్చే పట్టా మీద అదే ముద్ర.

"ముద్ర ఒకటే అయినప్పుడు ఏ గాట్లో మేస్తే ఏమే?" అన్నాడు ఓబులేసు సారు. ఆయన షమీమ్‌కు ఇంటర్లో ఫిజిక్సు చెప్పినవాడు.

షమీమ్ తండ్రిని వెంటబెట్టుకుని మూడు చోట్లకూ పోయింది. మూడు చోట్లా ఒకటే మాట అడిగింది, ల్యాబు చూపండి అని. కొండకింద ల్యాబు తలుపు తీస్తే సిమెంటు బస్తాలున్నాయి. రైలుగేటులో షామియానా సామాన్లు, వంటపాత్రలు ఉన్నాయి. హిందూపురంలో ఉన్న మిషన్లు ఎనిమిది, పనిచేసేది ఒకటి. ఆ ఒక్కదాన్ని అటెండరు ఆన్ చేసి, "తిప్పు పాపా, ఏం కాదులే" అన్నాడు. మీట తిప్పితే మిషను తెర మీద పచ్చగీత పాములా మెలికలు తిరిగింది. ఆ పిల్ల అక్కడే తీర్మానించుకుంది.

తల్లి హసీనాబీకి అది నచ్చలేదు. "జీపు పంపిస్తాం, బ్యాగిస్తాం, బస్సుపాసిస్తాం అని వాకిట్లోకొచ్చి పిలిచేవాల్లుండారు. హిందూపురమోల్లు నువ్వెవరని కూడా అడగల్యా. పిలవని పేరంటానికి పోతావా?"

పిలుపుల వెనక సంగతి ఊరికి తెలియంది కాదు. పిల్లల ఫీజులు ప్రభుత్వమే కట్టడం మొదలయ్యాక ప్రైవేటు కాలేజీలకు పిల్లలు పంట అయిపోయారు. పిల్లను పట్టిచ్చినవాడికి తలకింత. ఓబులేసు సారు ఆ బేరంలో ఆరితేరినవాడు. సంతలో ఒకే గొర్రెకు ఇద్దరి దగ్గర బయానా పుచ్చుకున్నట్టు, ఇంటర్ కాలేజీ బీరువాలో ఉన్న షమీమ్ ఒరిజినల్స్‌ను ఇద్దరికి అమ్మాడు. మార్కుల మెమో కొండకిందికి, టీసీ రైలుగేటుకు. మెమో ఉన్నవాడికి టీసీ లేనిదే అడ్మిషన్ కాదు. టీసీ ఉన్నవాడికి మెమో లేనిదే కాదు. హిందూపురంలో చేరాలంటే షమీమ్‌కు రెండూ కావాలి. గడువు శనివారం సాయంత్రం నాలుగు గంటలు.

గురువారం వలి పెనుకొండకు పోయాడు. కొండకింది కాలేజీలో అడ్మిషన్ల పని చూసేవాడు ముత్యాలప్ప. చదువు ఏడో తరగతి. అంతకుముందు సారా వేలంపాటల్లో పోటీదారుల్ని బెదరగొట్టే పని చేసి, సారా పోయాక చదువుల్లోకి వచ్చాడు.

"మెమో ఇచ్చేయప్పా. పిల్ల హిందూపురంలో చేరుతుందంట" అన్నాడు వలి.

"ఆడ ఏముండాది సాయిబూ? ఈడ ఏం తక్కువైంది?"

"ల్యాబు లేదంట."

ముత్యాలప్ప పక్కనున్న వాళ్లకేసి చూసి నవ్వాడు. "మోటర్లు చుట్టేవాని కూతురికి ల్యాబు కావాలంటరా!" అని లేచి, ఆ నవ్వు ముఖం మీద ఉండగానే చెంప పగలగొట్టాడు. వలి కింద పడ్డాడు. ఇద్దరు కాళ్లు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చారు. పదకొండు మెట్లు. ఒక్కో మెట్టుకూ తల తగిలింది. గేటు బయట దుమ్ములో ఊడిపడిన పన్నును వెతుక్కుని, జేబులో వేసుకుని బస్సెక్కాడు.

ఊళ్లో పెద్దమనుషులకు చెబితే వాళ్లూ నవ్వారు. "చేర్చుకోమంటే కొట్లాట పెట్టుకోవాల గానీ, చేరమంటే కొట్లాటేందప్పా?"

శనివారం పొద్దున ఎనిమిదింటికి మొదటి జీపు షాపు ముందు ఆగింది. రైలుగేటు మనిషి బయన్న, వెంట నలుగురు. వీధికి అవతల ఇడ్లీలు వేస్తున్న సోమక్క పొయ్యి ఆర్పి తలుపు ఓరగా వేసుకుంది.

"వలన్నా, పన్ను పోయిందంటనే" అన్నాడు బయన్న. ప్లాస్టిక్ కవర్లోని టీసీని ఎత్తి చూపించాడు. "ఇదో, నీ బిడ్డది. మా దరఖాస్తు మీద సంతకం చేయమను. నీ పన్నుకు బదులు ఆ ముత్యాలప్పవి నాలుగు పీక్కొస్తాం, మెమో కూడా తెస్తాం."

"ఎవని పండ్లు రా?" అని వెనక నుంచి కేక. రెండో జీపు వచ్చింది. ముత్యాలప్ప దిగాడు. చొక్కా జేబులో మెమో మడత కనబడుతోంది.

ఆ తరువాత మాటల్లేవు. కొండకిందివాళ్ల చేతుల్లో ఇనుప రాడ్లు, రైలుగేటువాళ్ల చేతుల్లో క్రికెట్ వికెట్లు. మొదటి దెబ్బకే బయన్న మనిషొకడి నెత్తి పగిలింది. వాడు రెండు చేతులతో తల పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతుంటే గుడ్డివాడిలా తూలుతూ జీపు చుట్టూ తిరిగాడు. ఇంకొకడి మోచేయి వెనక్కి విరిగింది. అది ఎండు కందికట్టె విరిచినట్టు వినబడిందని సోమక్క అంటుంది. వార్నీషు డబ్బా తన్నుకుని వీధంతా పారింది. అందులో జారి ఒకరి మీద ఒకరు పడి, పడినచోటనే కొరుక్కున్నారు. ఒకడు ఇంకొకడి చెవి ముక్క ఉమ్మేశాడు. బయన్న చేతిలో కవరు ఎగిరి షాపు గడపలో పడింది. షమీమ్ దాన్ని కాలితో లోపలికి లాగి లంగా మడతలో దోపుకుంది.

అది చూసింది ముత్యాలప్ప ఒక్కడే. లోపలికి వచ్చి, అడ్డం వచ్చిన వలి కుడిచేతిని పట్టి, బెంచీ మీద సామాను కదలకుండా బిగించే వైసు ఇనుప దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు.

"సంతకం పెడతావా, నాయన వేళ్లు లెక్కబెట్టుకుంటావా?"

దరఖాస్తు, పెన్ను బల్ల మీద విసిరాడు. పిడి ఒక చుట్టు తిరిగింది. వలి పళ్లు బిగించాడు. రెండో చుట్టుకు వేళ్లు తెల్లబడ్డాయి. హసీనాబీ ముత్యాలప్ప కాళ్ల మీద పడితే మోకాలితో ఆమె నోటి మీద కొట్టాడు. మూడో చుట్టుకు లోపల ఏదో పటుక్కుమంది. వలి అరిచిన అరుపుకు బయట కొట్టుకునేవాళ్లు కూడా ఒక క్షణం ఆగి చూశారు.

"పెడతా, పెడతా, ఆపప్పా" అంది షమీమ్.

పెన్ను తీసుకుని బల్ల మీదికి వంగింది. ముత్యాలప్ప కూడా కాగితం మీదికి వంగాడు. తీగచుట్టను గాడిలోకి దిగ్గొట్టే కొయ్యసుత్తి ఆ బల్ల మీదే ఉంటుంది. ఆ పిల్ల ఎడమచేత్తో దాన్ని అందుకుని అతని దవడ మీద కొట్టింది. తల పక్కకు పోయింది. పిడి పట్టిన మణికట్టు మీద రెండోది. మోకాలి చిప్ప మీద మూడోది. కింద పడ్డాక కూడా ఆపలేదు. రక్తం ఆ పిల్ల మోచేతుల దాకా చిమ్మింది.

"చాలు! చాలు మ్మే! చచ్చిపోతాడు!" చేయి వైసులోనే ఉండగా వలి అరిచాడు.

అప్పుడు ఆగింది. వంగి అతని జేబులోంచి మెమో లాక్కుంది. తిప్పిన మూడు చుట్లూ వెనక్కి తిప్పింది. చేయి వచ్చింది గానీ మూడు వేళ్లు రావలసినట్టు రాలేదు.

ముత్యాలప్పను వాళ్లవాళ్లు గోనెసంచిలా మోసుకుపోయి జీపులో వేసుకున్నారు. రైలుగేటువాళ్ల జీపు అప్పటికే ధర్మవరం దారి పట్టింది.

పదింటి బస్సుకు ముగ్గురూ ఎక్కారు. వలి చేతికి తువ్వాలు చుట్టి, పైన సైకిల్ ట్యూబు బిగించారు. "ఏమైందప్పా?" అన్నాడు కండక్టరు. "మోటారులో పడింది" అన్నాడు వలి.

పెనుకొండ బస్టాండులో బస్సు పావుగంట ఆగింది. "ఆస్పత్రి ఈడనే ఉండాది, దిగుదాం. నీ రక్తం ఆగడంల్యా" అంది హసీనాబీ. కిటికీకి ఎదురుగానే కొండకింది కాలేజీ బ్యానరు వేలాడుతోంది. మీ కోసం ఎదురుచూస్తున్నాం, రండి అని దాని మీద రాసుంది.

"ఈడ దిగితే కాగితాలు పోతాయి" అన్నాడు వలి. తువ్వాల్లోంచి కారుతున్నది సీటు కింద చిన్న మడుగు కట్టింది. షమీమ్ రెండు కాగితాలనూ పైటలోపల గుండెకు అదుముకుని, బస్సు కదిలేదాకా తల ఎత్తలేదు.

హిందూపురం ఆస్పత్రిలో డాక్టరు చేయి చూసి, రెండు వేళ్లు తీసేయక తప్పదన్నాడు. మూడోది దేవుడి దయ. ఎక్కడెక్కడో సంతకాలు చేయించుకుని వలిని లోపలికి తీసుకుపోయేసరికి మూడు దాటింది. స్ట్రెచరు మీది నుంచి అతడు గోడ గడియారాన్ని చూశాడు.

"ఇంకా ఈడనే ఉండావేమే? పో."

"నాయనా..."

"పో అంటాండా! వేళ్లు మళ్ళా వస్తాయా, నువ్వీడ కూర్చుంటే?"

పరుగెత్తింది. కాలేజీ గది గడపలో నిలబడేసరికి నాలుగుకు పది నిమిషాలుంది. లోపల బల్ల వెనక ప్రిన్సిపాలు, ఇద్దరు లెక్చరర్లు, ఒక గుమాస్తా. గుమాస్తా టీసీ చూసి పక్కన పెట్టాడు. మెమో మడత విప్పబోతే అంటుకుని రాలేదు. గోటితో మెల్లగా విడదీశాడు. ఒక మూల అంతా ఎండి నల్లబారింది. దాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని ప్రిన్సిపాలు ముందు పెట్టాడు.

ప్రిన్సిపాలు పెద్దమనిషి. కళ్లజోడు సవరించుకుని ముందుగా మార్కులే చూశాడు. మరకను టీ మరక అనుకున్నాడేమో.

"చాలా మంచి మార్కులమ్మా" అన్నాడు సంతోషంగా. వచ్చిన ప్రతి పిల్లనూ అడిగే ప్రశ్నే అడిగాడు. "ఇట్లాంటి పిల్లల కోసం ప్రైవేటువాళ్లు ఇంటికి జీపులు పంపుతారంట గదా. మరి మా కాలేజీనే ఎందుకు కోరుకున్నావు?"

షమీమ్ మోచేతి దాకా రక్తం ఎండిన చేతులను బల్ల మీద పెట్టింది.

"మీరొక్కరే నన్ను పిలవలేదు సార్."