బకెట్లో ముంచిన జీపీఎస్

కూతురు ప్రవీణ మోటారు సైకిల్‌పై ఒంటరిగా లడఖ్ పోతానంటే, సిరిసిల్లలో నూలుకు రంగు వేసే శంకరయ్య ఇంకా ఒప్పుకోలేదు. దారి చూపే జీపీఎస్ కొనడానికి మాత్రం ఆమె వెంట కోరుట్ల వచ్చాడు.

దుకాణదారు పెద్ద తెర ఉన్నదాన్ని చూపించాడు. "గిది తీస్కో చెల్లె, ఎంత వానైనా ఏం గాదు."

"అయితే ఓ బకెట్ నీళ్లు తెప్పియ్యి అన్నా."

"గిదేమన్న చేపనా, ఈత కొట్టెటందుకు?"

"మా ఇంట్ల రంగేసిన నూలును గూడ నీళ్లల్ల ముంచినంకనే రంగు పోదని నమ్ముతం."

దుకాణదారు దాన్ని పక్కన పెట్టి, చిన్నగా మొద్దుగా ఉన్నదొకటి, బకెట్ నీళ్లూ తెచ్చిచ్చాడు. ప్రవీణ దాన్ని అరగంట నీళ్లలో ఉంచింది. తీసి, బండి నడిపేటప్పటి గ్లౌజులు తొడుక్కుని, ఆ చేత్తోనే బటన్లు నొక్కింది. తెర మీద దారి తేటగా కనబడింది.

శంకరయ్య లేచి నిలబడ్డాడు.

"గిదే ఇయ్యి సేటు. నా బిడ్డ లడఖ్ పోతున్నది, బండి మీద!" అన్నాడు, పక్క దుకాణంలోనూ వినబడేలా.