ఉడుంపట్టు దారం

కారు సీట్లకు కవర్లు కుట్టే ఆయన్ని వీధిలో అందరూ ఉడుంపట్టు అనే పిలిచేవారు. బండి తుక్కు కింద పోయినా ఆయన వేసిన కుట్టు మాత్రం ఊడదని. ఆ పేరు వింటే పైకి విసుక్కునేవాడు గానీ లోపల మురిసిపోయేవాడు. మురిసిపోక ఏం చేస్తాడు, మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి కదా. ఆ గొప్పే ఒకనాటి సాయంత్రం ఆయన మెడకు చుట్టుకుంది.

ఇంట్లో ఆయనా, కూతురు అమ్మడూ ఇద్దరే. మూడో ప్రాణి గోలీ. అమ్మడు పెంచుకునే షుగర్ గ్లైడర్ అది. అరచేతిలో పట్టేంత ఒళ్ళు, నల్లగా మెరిసే పెద్ద కళ్ళు, ముందు కాళ్ళ నుంచి వెనక కాళ్ళ దాకా పల్చటి చర్మం. ఆ చర్మం విప్పి అలమర మీంచి కర్టెన్ మీదికి గాల్లో తేలుతూ వచ్చి వాలుతుంది. పగలంతా సంచీలో నిద్ర, వెలుతురు తగ్గితే మెలకువ. ఉడుంపట్టుకి అదంటే చచ్చేంత భయం. ఆరడుగుల మనిషి, లారీ సీటు ఒక్కడే ఎత్తుకొస్తాడు, ఆ బెత్తెడు ప్రాణిని మాత్రం ఒక్కసారైనా ముట్టుకున్న పాపాన పోలేదు. "అది ఎలుకకి అక్కో చెల్లెలో అయ్యుంటుంది" అనేవాడు.

గోలీకి తోడుగా ఉన్న ఇంకో గ్లైడర్ జబ్బు చేసి పోయింది. అది మొదలు గోలీ తన తోక తానే కొరుక్కోసాగింది. బొచ్చు పోయింది, తర్వాత తోలు లేచింది. పశువుల డాక్టరు చూసి, ఒంటరిగా వదిలేస్తే ఇలాగే ఒళ్ళు కొరుక్కుని చచ్చిపోవచ్చు, తోడు తెచ్చుకోండి, అది వచ్చేదాకా ఏదో ఒక ఆటలో పెట్టండి అన్నాడు. ఆ ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఇంట్లోనూ ఒక జంట ఉంది. ఆడదానికి పిల్ల పుట్టింది. పాలు మానగానే ఆ పిల్లని నీకే ఇస్తానని అమ్మడికి మాటిచ్చింది. ఇక పిల్ల వచ్చేదాకా గోలీ ప్రాణం నిలబెట్టుకోవాలి.

బొమ్మలు కొందామంటే మంచివి అందే ధరలో లేవు. చవకవి చూస్తే ఒకదాని రంగు గోటితో గీరితే ఊడొస్తోంది, ఇంకోదాని గజ్జె చీలికలో వేలు ఇరుక్కునేలా ఉంది. అమ్మడు కొట్టువాడితో పోట్లాడి రెండూ తిరిగిచ్చేసి వచ్చింది.

"ఆమాత్రం నేను కుట్టలేనా" అన్నాడు ఉడుంపట్టు. మెత్తటి దుప్పటి గుడ్డ పీలికలు జడలా అల్లి, మధ్యమధ్య సీసా మూతలు గుచ్చి, పొడుగునా లోపల సీటు దారం పోసి వేలాడే బొమ్మ ఒకటి కుట్టాడు.

"దారం ఊడొచ్చి దాని గొంతులో పడదు కదా నాన్నా?"

"ఊడ్డమా? నా కుట్టా?" ఆయన బొమ్మకి ఇస్త్రీపెట్టె కట్టి వేలాడదీసి చూపించాడు. తండ్రీకూతుళ్ళిద్దరూ తెగ సంబరపడ్డారు. ఊడే దారానికి భయపడ్డారు గానీ, తెగని దారానికి భయపడాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ సంబరంలోనే నర్సమ్మ ఇంటికి కూడా ఒకటి కుట్టి పంపాడు మహానుభావుడు.

వారం బాగానే గడిచింది. గోలీ తోక మానేసి గుడ్డ కొరకడం పట్టింది. ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా సంచీలోంచి బయటికొచ్చి బొమ్మ ఎక్కిందో లేదో కీచుమంటూ అరిచింది. అమ్మడు పరుగెత్తింది. గుడ్డ కొరికేసిన చోట లోపలి దారం ఉచ్చులా బయటపడి ఉంది. ఆ ఉచ్చులో గోలీ వేలు బిగుసుకుంది. అమ్మడు గోళ్ళ కత్తెరతో దారం కత్తిరించి దాన్ని గుండెకు హత్తుకుంది. వేలు కమిలింది గానీ ప్రమాదం తప్పింది.

"నాన్నా, నర్సక్క వాళ్ళింట్లో కూడా ఇదే ఉంది" అంది.

ఉడుంపట్టు ఆ మాట పూర్తికాకముందే ఫోన్ తీశాడు. నర్సమ్మకి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆసుపత్రిలో ఉంటే ఫోన్ పక్కన పడేస్తుందని అమ్మడికి తెలుసు. ఇంట్లో ఉండేది ఆవిడ మామగారు ఒక్కరే, ఆయనకి బొత్తిగా వినపడదు.

"నువ్వు వెళ్ళు. నేను దీన్ని వదిలితే వేలు కొరికేసుకుంటుంది. చీకటి పడితే అక్కడివి కూడా లేస్తాయి నాన్నా."

ఆయన స్కూటర్ తీశాడు. దారి పొడుగునా ఆకాశం వంకే చూశాడు. ఇంకా వెలుతురుంది, ఇంకా వెలుతురుంది అని తనకు తానే చెప్పుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగితే ముందున్న కారు వెనక లైట్లు వెలిగాయి. అదొక్కటే చాలు, ఆయనకి పొద్దు గుంకినట్టే అనిపించింది.

రెండో అంతస్తు. గంట కొట్టాడు, తలుపు బాదాడు, పేరు పెట్టి పిలవడానికి ఆ పెద్దాయన పేరు కూడా తెలియదు. చివరికి వరండా కిటికీలోంచి చెయ్యి పెట్టి ఊపితే పెద్దాయన చూసి, నింపాదిగా చెప్పులు వెతుక్కుని, నింపాదిగా వచ్చి తలుపు తీశాడు.

"కుర్చీ దిండు కొలతలకా నాయనా? కోడలు చెప్పింది. కూర్చో, మంచినీళ్ళు తెస్తా."

"దిండు కాదు పెద్దాయనా, గ్లైడర్లు. బొమ్మ."

"ఆఁ, గుమ్మం పక్కదే. స్ప్రింగు పోయింది."

ఉడుంపట్టు ఆయన్ని తప్పించుకుని లోపలికి నడిచాడు. వెనక గది తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎండ పడకూడదని నర్సమ్మ పొద్దున్నే కర్టెన్లు మూసి వెళ్ళింది. దారంతా ఆయన చూసుకున్న వెలుతురు ఈ గదిలోకి అసలు రానేలేదు. ఇక్కడ ఎప్పుడో చీకటి పడింది.

లైటు వేశాడు. మగది పంజరం ఊచలు పట్టుకుని కుక్కపిల్లలా మొరుగుతోంది. తల్లి బొమ్మకి తలకిందులుగా వేలాడుతోంది, వెనక కాలు ఉచ్చులో. వీపు మీద పిల్ల కరుచుకుని ఉంది. తల్లి నడుం వంచి పైకి లేచి, చిక్కుకున్న తన కాలిని తానే కొరుకుతోంది. మూతి ఎర్రగా ఉంది.

"అయ్యో తల్లీ" అన్నాడు వెనకే వచ్చిన పెద్దాయన. "నువ్వే పట్టుకో నాయనా. నా చేతులు వణుకుతాయి."

ఆయన చేతులేమిటి, ఉడుంపట్టు చేతులూ వణుకుతున్నాయి. పంజరంలోకి చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, తల్లినీ పిల్లనీ కలిపి గుప్పిట్లో పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. లోపల గుండె కుట్టుమిషను తొక్కినట్టు కొట్టుకుంటోంది. పెద్దాయన వంటింటి కత్తెర తెచ్చాడు. దాంతో పైదారం కత్తిరించి బొమ్మతో సహా బయటికి తీశాడు గానీ, కాలికి బిగిసిన ఉచ్చు అలాగే ఉంది. బొచ్చులోకి దిగిపోయింది. కత్తెర మొన దాని కిందికి దూరడం లేదు, దూర్చబోతే కాలే తెగేలా ఉంది. తల్లి మళ్ళీ మూతి అటు తిప్పింది.

ఇంకేం ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచీ దారం తెంపినట్టే నోటితో తెంపబోయాడు. ఆ కాలికి పెదవులు ఆనించి, ముడిని ముందు పళ్ళ మధ్య ఇరికించాడు. తల్లి ఆయన కింది పెదవి కరిచి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దారం తెగలేదు. తెగుతుందా, ఎవరు ఏరి కొన్న దారం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన తన పనితనాన్ని నోరారా తిట్టుకుందామనుకున్నాడు, నోరు ఖాళీ లేదు. పళ్ళు నూరుతూ కొరికాడు, నూరుతూ కొరికాడు, చచ్చీ చెడీ టప్పున తెగింది.

నర్సమ్మ వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం మీద నెత్తురు. ఆవిడ తల్లిని అందుకుంది. కాలు కడిగి, మందు రాసి, కట్టు కట్టి, పిల్లని చూసి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"మీరు రాకపోతే రెండూ దక్కేవి కావు బాబాయిగారూ. తప్పు నాదే. బొమ్మ మరీ కిందికి కట్టాను" అంటూ నేల మీది బొమ్మ తీసి దులిపింది. "ఈసారి పైకి కడతాను."

ఉడుంపట్టు ఆ బొమ్మ వంక చూశాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఆవిడ దృష్టిలో దేవుడు. పిల్ల ఇంటికొస్తుంది, గోలీ బతుకుతుంది. తలుపు బాదినప్పుడు కూడా ఆయనకింత భయం వేయలేదు.

"కట్టకమ్మా" అన్నాడు. "తప్పు కట్టడంలో లేదు, నా దారంలో ఉంది. గుడ్డ కొరికేస్తే అది ఉచ్చవుతుంది. ఇందాకే మా ఇంట్లోనూ అయింది. అందుకే వచ్చాను."

ఆవిడ బొమ్మని మెల్లిగా బల్ల మీద పెట్టింది. చాలాసేపు తల్లి కాలి కట్టునే సవరిస్తూ ఉండిపోయింది.

"పిల్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం బాబాయిగారూ" అంది తలెత్తకుండా.

పెద్దాయనకి ఇదేదీ వినపడలేదు. గుమ్మం దాకా వచ్చి, సమయానికొచ్చావు నాయనా అని భుజం తట్టి మరీ పంపించాడు.

కింద స్కూటర్ దగ్గరికి రాగానే ఫోన్ మోగింది.

"బతికున్నాయా నాన్నా?"

"ఉన్నాయి. తల్లీ పిల్లా రెండూ."

అమ్మడు ఏడ్చేసింది. ఏడుపు తగ్గాక అడిగింది. "మరి పిల్లని ఎప్పుడిస్తానంది అక్క?"

"దారం సంగతి చెప్పేశాను అమ్మడూ."

"చెప్పకుండా ఉంటే?"

"మళ్ళీ అదే కట్టేది."

అమ్మడు గొంతు తగ్గించింది. "ఇది మళ్ళీ తోక పట్టింది నాన్నా. కట్టు కట్టాను, లాగేసుకుంది. ఒక్కదాన్నే ఆపలేకపోతున్నాను. నువ్వొచ్చి పట్టుకో."

"వస్తున్నా" అన్నాడు ఆయన. తాళంచెవి పెట్టి, గడ్డం మీది నెత్తురు చొక్కా చేతికి తుడుచుకుని స్కూటర్ ఇంటివైపు తిప్పాడు.