సైకిల్‌కి మెడ పట్టేసింది

పొద్దున బిగుసుకుపోయేది, మధ్యాహ్నానికి వదులైపోయేది. మా ఆయన కోపం సంగతి కాదు, నా సైకిల్ హ్యాండిల్ సంగతి చెబుతున్నాను.

మాది టాకోల ఊరు. తెల్లవారేసరికి ఏ ఇంట్లో చూసినా పందికొవ్వు సలసలా కాగుతూ ఉంటుంది. మొక్కజొన్న రొట్టెల్లో బంగాళాదుంప కూరో, పంది తోలు వేపుడో పెట్టి మడిచిన టాకోలు బుట్టలో పేర్చి, దుప్పటి చుట్టి, సైకిల్ వెనక కట్టుకుని పట్నం పోతాం. ఏటా ఊరి తిరునాళ్ళలో ఆ బుట్టలతోనే సైకిల్ పందెం. గెలిచినవాళ్ళు ఏడాదిపాటు పట్నంలో కోరుకున్నచోట అమ్ముకోవచ్చు. అందరి కళ్ళూ బట్టల మిల్లు గేటు మీదే. కిందటేడు దాన్ని మా ఆయన అక్క మెలితోన వదిన ఎగరేసుకుపోయింది. నాకు మిగిలింది పట్నం శ్మశానం గేటు. ఏడుస్తూ వచ్చేవాళ్ళని పట్టుకుని "వేడివేడి టాకోలమ్మా!" అని అరవడమంత కష్టం పగవాళ్ళకి కూడా వద్దు.

కాబట్టి ఈ ఏడు ఎలాగైనా గెలవాలి. సరిగ్గా అప్పుడే సైకిల్‌కి మెడ పట్టేసింది.

పొద్దున మాలించె కొండ మీంచి దిగే చలిలో బయల్దేరితే హ్యాండిల్ కదలదు. అటు తిప్పితే ఇటు, ఇటు తిప్పితే కాలవలోకి. మా ఆయన నికనోర్ పానా పట్టుకొచ్చి, "బిగువెక్కువైందే" అని వదులు చేసేవాడు. ఎండెక్కేసరికి ముందు చక్రం టకటకా కొట్టుకునేది. సైకిల్ షాపు ఫిదెన్సియో అన్న దగ్గరికి తీసుకెళితే ముందు బ్రేకు పట్టి బండిని ఊపి చూసేవాడు.

"వినబడుతోందా టక్కుటక్కు? మెడలో బాల్సు తిరిగే కప్పులు వదులయ్యాయి. ఏ గాడిద పట్టుకున్నాడు దీన్ని?"

"మా ఆయన."

"అదే అంటున్నా" అని బిగించి పంపేవాడు. తెల్లారేసరికి మళ్ళీ బిగుసుకునేది. మళ్ళీ నికనోర్, "ఏ దున్నపోతు బిగించాడే దీన్ని?" అనేవాడు. గాడిదకీ దున్నపోతుకీ మధ్య నా సైకిల్ నలిగిపోయింది. పక్కింటావిడ దిష్టి తగిలిందంది. దిష్టి పెట్టిందెవరో ఆవిడ చెప్పక్కర్లేదు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా!

తిరునాళ్ళకి ముందురోజు మధ్యాహ్నం సైకిల్‌ని ఎండలో గోడకి ఆనించి ఉల్లిపాయలు తరుగుతున్నాను. మా కుక్క సోలోవినో వెనక కాళ్ళ మీద లేచి హ్యాండిల్ మెడ నాకుతోంది. అది తరిమితే పోయే కుక్క కాదు, పిలిస్తే వచ్చే కుక్కా కాదు. దాని వెనక పక్కవీధి కుక్క. దాని వెనక ఇంకోటి. వరస కట్టి వంతుకోసం నిలబడ్డాయి. టాకోల కోసం మనుషులు కూడా అంత బుద్ధిగా నిలబడరు!

దగ్గరికెళ్ళి వేలితో తుడిచి వాసన చూశాను. పానా తెచ్చి మెడ విప్పాను. కింది కప్పులో బాల్సు కనిపించలేదు. నా వంటింటి పందికొవ్వు కనిపించింది. అందులో ఒక తోలు వేపుడు ముక్క కూడా ఉంది!

"నికనోర్!"

ఆ కేకకి కుక్కలన్నీ పారిపోయాయి. మా ఆయన వచ్చాడు.

"గ్రీజు అయిపోయిందే. ఇదీ జిడ్డే కదా, అదీ జిడ్డే కదా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! చలికి గడ్డకడుతుందయ్యా, ఎండకి కరుగుతుంది! ఇన్నాళ్ళూ మీరిద్దరూ బిగించి వదులు చేస్తోంది బాల్సుని కాదు, నా టాకోల కొవ్వుని!"

"అయినా హసింతా, నీ కొవ్వుకన్నా మంచి సరుకు ఈ ఊళ్ళో ఎవరి దగ్గరుంది చెప్పు?"

చేతిలో పానా ఉంది, కొడదామనుకున్నాను. నవ్వొచ్చేసింది. నవ్వి నవ్వి అక్కడే కూలబడ్డాను. తర్వాత ఇద్దరం కూర్చుని బాల్సు కిరోసిన్‌లో కడిగాం, కప్పులు తుడిచాం, ఫిదెన్సియో అన్న దగ్గర్నుంచి అసలైన గ్రీజు తెచ్చి కూరాం. పై నట్టు కొంచెం బిగించి, ముందు చక్రం ఎత్తి వదిలాను. హ్యాండిల్ దానంతటదే మెత్తగా పక్కకి వాలింది. బ్రేకు పట్టి ఊపాను, చప్పుడు లేదు. ఆ సంతోషంలో సైకిల్‌ని ముద్దు పెట్టుకున్నాను. మా ఆయన తన వంతు కోసం చూశాడు గానీ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే చర్చి ముందు అందరం బుట్టలతో బారులు తీరాం. పళ్ళు టకటకలాడే చలి. నా పక్కనే మెలితోన వదిన, కొత్త రిబ్బన్లు కట్టుకుని, మిల్లు గేటు తాళంచెవులు బొడ్డులో ఉన్నట్టు నిలబడింది. వెనక వరసలో నికనోర్, వాళ్ళ నాన్న నాటి కీచుబండి మీద.

అప్పుడు సోలోవినో వచ్చింది. నా సైకిల్ వాసన చూసి తుమ్మింది. వదిన సైకిల్ దగ్గరికెళ్ళి హ్యాండిల్ మెడ నాకడం మొదలుపెట్టింది.

వెనక్కి తిరిగాను.

"ఏమయ్యా, మీ అక్క సైకిల్‌కి కూడా పెట్టావా?"

"నీ ఒక్కదానికే పెడితే అక్క ఊరుకుంటుందా?"

నోరు మూసుకుంటే గేటు నాదే. కానీ చర్చి ముందు నుంచి దిగే వాలు కింద మలుపుంది. ఎడమకి తిరిగితే సంత మైదానం, గెలుపు గీత. తిరక్కపోతే నేరుగా ఊరి శ్మశానం.

"వదినా, నీ హ్యాండిల్ తిరగదు. అందులో పందికొవ్వుంది. ఆగు!"

"నిన్న మధ్యాహ్నం టకటకలాడితే నేనే గట్టిగా బిగించుకున్నానమ్మా" అంది మూతి తిప్పుతూ. "పందెం మొదలవకముందే ఈ నాటకాలా? పందికొవ్వట! నీకు పట్టింది కొవ్వు."

టపాకాయ పేలింది. వాలు మీద అందరికన్నా ముందు వదిన, ఆవిడ వెనక నేను, మా వెనక ఊరి కుక్కలు, వాటి వెనక ఊరు. మలుపొచ్చింది. వదిన రెండు చేతులతో, భుజాలతో, చివరికి గడ్డంతో కూడా తిప్పబోయింది. హ్యాండిల్ కదల్లేదు. "అమ్మా, తల్లీ, కన్య మరియమ్మా!" అని కేకలు పెడుతూ నేరుగా పోయింది.

ఎడమవైపు గెలుపు గీత కనబడుతోంది. నా హ్యాండిల్ వెన్నపూసలా తిరుగుతోంది. కానీ ఆవిడ అరుపు విన్నాక నా చెయ్యి ఎడమకి పోలేదు. నేనూ నేరుగానే పోయాను. వెనకున్నవాళ్ళు మా ఇద్దర్నీ చూసి దారి మారిందనుకుని అందరూ మా వెంటే వచ్చేశారు!

వదిన శ్మశానం గేటు ముందు బంతిపూల గుట్టలోకి దూసుకెళ్ళింది. నేను దిగి పరుగెత్తేసరికి జుట్టు నిండా పూలతో లేచి కూర్చుంది.

"దెబ్బ తగిలిందా?"

"బుట్ట బాగానే ఉందా?" అంది. టాకోల ఊరి ఆడది!

బుట్ట బాగానే ఉంది. కుక్కలు హ్యాండిల్ దగ్గర వరస కట్టాయి. ఆవిడ వాటిని చూసింది, నన్ను చూసింది. "నిజమే చెప్పావే హసింతా. గీత వదిలేసి నాకోసం వచ్చావా?" అని చెయ్యి పట్టుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. ముక్కులు చీదుకుంటూ నవ్వాం.

ఇంతలో సంత మైదానం నుంచి టపాకాయలు. ఎవరో గెలిచారు! ఎవరని పరుగెత్తి చూద్దుము కదా, అందరికన్నా వెనకబడి, అందుకే దారి తప్పని మా ఆయన, కీచుబండితో గీత దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. దండ వేశారు. తిరునాళ్ళ పెద్ద అడిగాడు.

"ఏ చోటు కావాలి నికనోర్?"

ఒకవైపు నేను, ఒకవైపు వాళ్ళక్క. మా ఆయన చలిలో కూడా చెమటలు కక్కాడు.

"మిల్లు గేటు... మరి... వీళ్ళిద్దరిలో..."

"పొద్దున షిఫ్టుకి హసింత" అంది వదిన.

"మధ్యాహ్నం షిఫ్టుకి వదిన" అన్నాను.

"మరి నేను?"

ఇద్దరం ఒక్క గొంతుతో చెప్పాం. ఆ సోమవారం నుంచి పట్నం శ్మశానం గేటు దగ్గర మా ఆయనే అమ్ముతున్నాడు. తోడుగా సోలోవినో వెళుతోంది. అతని సైకిల్‌కి గ్రీజు మాత్రం నేనే పెడతాను.