పన్నెండడుగుల గీత

మూసీ వరద నాగోలు కాలనీల్లోకి వచ్చిన మూడో ఏడది. నాచారంలో మా బిడ్డ ప్రవీణ బట్టలు కుట్టే కంపెనీ మూతపడింది. నేను ఉప్పల్‌లో మహిపాల్ షెడ్డులో ముప్ఫై ఏళ్లు లారీల మీద రంగు గీతలు వేశాను. కళ్లు మసకబారాక మానేశాను. ప్రవీణ ఆ పని తనకు నేర్పమంది. సరే అన్నాను.

మహిపాల్‌ని అడిగితే ఒకటే మాట చెప్పాడు.

"నాలుగు నెలలు నేర్పియ్ కాకా. పన్నెండడుగుల గీత చేత్తోని గీసిందంటె పని ఆమెదే. లేకుంటె స్టిక్కర్లోన్ని పెట్టుకుంట."

నాకు పని నేర్పిన మేస్త్రీ నోటితో ఏదీ చెప్పలేదు. నేనూ అంతే. పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి గచ్చు మీద పరిచేవాణ్ణి. మొదట కాగితం నిండా అడ్డగీతలు. తర్వాత నిలువు గీతలు. తర్వాత మూరెడు దూరంలో రెండు చుక్కలు పెట్టి, చేయి ఎత్తకుండా కలపడం. చూపు పెన్సిల్ మొన మీద కాదు, అవతలి చుక్క మీద ఉండాలని అదొక్కటి చెప్పాను. ఒకే సున్నా మీద పదిసార్లు తిరగడం. కోడిగుడ్డు ఆకారం, అలలు. నేను గీసేవాణ్ణి, ఆమె నా చేయి చూసి గీసేది.

"మళ్ల," అనేవాణ్ణి.

"బాపూ, గదొక్క మాటేనా నీకొచ్చేది?" అనేది.

నాలుగో నెలకు ఆమె గీత దారం గుంజి పట్టినట్టు వచ్చింది.

మహిపాల్ రమ్మన్నది ఒక శుక్రవారం. ముందురోజు ఎర్ర రంగు కొట్టిన లారీ నిలబెట్టి ఉంది. దాని పక్క రేకుల మీద పసుపు గీత వేయాలి. వంకరపోతే తుడవడానికి లేదు, తుడిస్తే కింది ఎరుపు కూడా లేస్తుంది. స్టిక్కర్లు అంటించే జీవన్ అప్పటికే వచ్చి, రోల్ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

"అక్కా, జర జల్ది గానియ్. దమ్మాయిగూడల నాకు ఇంకో బండుంది."

"నీ బండి యాడికీ పోదు. సప్పుడు జెయ్యకుండ కూసో," అంది ప్రవీణ.

కుంచె ముంచింది. మణికట్టు రేకుకు ఆనించి మొదలుపెట్టింది. జానెడు బాగానే వచ్చింది. ఆపైన మణికట్టు రేకుకు పట్టుకుంది, కుంచె అదిరింది. రెండడుగులు పోయేసరికి గీత పాములా మెలిక తిరిగింది. జీవన్ కిసుక్కున నవ్వాడు.

"ఆగు చెల్లె," అన్నాడు మహిపాల్. "గా చిటికెన వేలేంది, లోపలికి ముడుసుకున్నవ్? దెబ్బ తాకిందా?"

"లేదన్నా. గట్లనే నేర్సుకున్న."

నేను నా చేయి చూసుకున్నాను. కుడిచేతి చిటికెన వేలు నాకు లేదు. పడుచుతనంలో రేకులు వంచే మిషను కింద పోయింది. లారీ గీతకు ఆధారం ఆ వేలే. అది రేకు మీద జారుతుంటే చేయి నిలకడగా పోతుంది. అది లేక, మణికట్టును దారికి తెచ్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. నా బిడ్డ నాలుగు నెలలు నా చేతినే చూసి, నాకు లేని వేలు తాను ముడుచుకుంది. గచ్చు మీద చేయంతా ఆని ఉండేది కాబట్టి నాకు తెలియలేదు.

"అయిపాయె. జీవన్, రోల్ ఇప్పు," అన్నాడు మహిపాల్.

లేచాను. "ఆగు మహిపాల్. తప్పు నేర్పినోనిది. ఆమెది గాదు."

"రేకైతె పాడాయె గద కాకా."

"పాడైన రేకే గద. మిగిలింది గియ్యనియ్."

అతను గడ్డం గోక్కుని, కానీమన్నట్టు తలూపాడు. నేను ప్రవీణ పక్కకు పోయాను.

"బిడ్డా, చిటికెన వేలు సాపు. రేకుకు ఆనియ్యి. దాని మీదనే చెయ్యి జారాలె. మణికట్టు లేపు. భయపడకు."

"గిదేదో ముందుగాల చెప్పొద్దా బాపూ!" అంది. కళ్లలో నీళ్లున్నాయి.

ఆనించింది. ఊపిరి బిగబట్టి, అవతలి మూల చూస్తూ పక్కకు అడుగులేసింది. మూడడుగులు. ఆరు. జీవన్ నవ్వడం మానేసి లేచి నిలబడ్డాడు. గీత చివరి రేకు అంచుకు తాకాక గానీ ఆమె ఊపిరి వదల్లేదు.

మహిపాల్ లారీ మూలకు పోయి, ఒక కన్ను మూసి, గీత పొడుగునా చాలాసేపు చూశాడు.

"రెండడుగులు పాము. పదడుగులు దారం," అన్నాడు. "సోమారం నుంచి రా చెల్లె. గా పాముని మాత్రం రేపు ఆరినంక ఎవలన్న రుద్ది తియ్యాలె."

"నేనే రుద్దుత అన్నా," అంది ప్రవీణ.

"నా బేరం గొట్టినవ్ గదక్కా," అంటూ జీవన్ రోల్ చంకలో పెట్టుకున్నాడు.

మరుసటి పొద్దున ప్రవీణ లేవకముందే నేను షెడ్డుకు పోయి, రంగు గీకే గరుకు వాటర్ పేపర్ నీళ్లలో నానబెట్టి, ఆ రెండడుగులు నేనే రుద్దాను.