వరండాలో చెప్పే మాట

ఓడ అంటే ఎస్తేరు ఊహించుకున్నది వేరు. చుట్టూ నీళ్లు, కింద అలలు, కడుపులో తిప్పుడు ఇవన్నీ ఉంటాయనుకుని, హన్మకొండలో వాంతుల గోళీలు రెండు షీట్లు కొనుక్కుని మరీ విమానమెక్కింది. తీరా వచ్చి చూస్తే ఈ ఆసుపత్రి ఓడ పశ్చిమ ఆఫ్రికాలో ఒక రేవుకు లావుపాటి మోకులతో కట్టేసి ఉంది. పది నెలలు ఇక్కడే ఉండి, పేదవాళ్లకు ఉచితంగా ఆపరేషన్లు చేసి, ఆ తర్వాత ఇంకో దేశం పోతుందట. డాక్టర్ల నుంచి వంటవాళ్ల దాకా అందరూ ఆమెలాగే జీతం లేకుండా వచ్చినవాళ్లే.

"అలలెట్లున్నయే?" అని మొగుడు స్టీఫెన్ వరంగల్ నుంచి ఫోన్లో అడిగాడు.

"ఏం అలలయ్యా! బర్రెను కట్టేసినట్టు కట్టేసిండ్లు. ఇంచు కదల్తలేదు."

స్టీఫెన్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. పెళ్లాం సముద్రంలో కొట్టుకుపోతుందేమోనని నెలరోజుల నుంచి సరిగ్గా నిద్రపోని మనిషి, పాపం.

నలభై ఆరేళ్ల వయసులో కొత్త కాపురం అంటే మాటలా? నలుగురికి ఒక గది, ఎస్తేరుకు పై మంచం. నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ మోకాళ్లు కటకటమనేవి, "యేసయ్యా" అనుకుంటూ ఎక్కేది. కూరల్లో ఉప్పూ ఉండదు, కారం అసలే ఉండదు. స్నానానికి రెండు నిమిషాలే నీళ్లు వదలాలని రూలు. వారం రోజులు ఒళ్లంతా సబ్బుతో బయటికొచ్చి విసిగిపోయి, ఓడకు రంగులేసే వాళ్లను బతిమాలి ఒక ఖాళీ బకెట్టు సంపాదించింది ఎస్తేరు. సగం బకెట్టుతో తలస్నానం కూడా ముగించి వస్తుంటే గదిలో మిగతా ముగ్గురూ నోరెళ్లబెట్టి చూశారు. నెల తిరిగేసరికి ఆ బకెట్టు కోసం వంతులు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలి. హెడ్ నర్సు మార్గ్రీత్, హాలండ్ మనిషి, "నన్ను మేడం అనొద్దు" అని ఎన్నిసార్లు చెప్పిందో! "సరే మేడం" అనేది ఎస్తేరు.

ఇవన్నీ సర్దుకుపోయే సంగతులు. అసలు చిక్కు ఆమెకున్న ఒక విద్యతో వచ్చింది.

మిషన్ దవాఖాన ఓపీలో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేసింది ఎస్తేరు. ఏటూరునాగారం నుంచో మరిపెడ నుంచో రోగం ముదిరిపోయిన మనిషి వస్తే డాక్టరు ఆమె వైపు చూసేవాడు. ఎస్తేరు రోగి భుజం మీద చెయ్యి వేసి, "ఏం ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. ఈ గోళీలు వాడు. కొన్నొద్దులాగి చూద్దాం, దేవుడున్నడు" అనేది. తర్వాత వెంట వచ్చిన కొడుకునో తమ్ముణ్ణో వరండాలోకి పిలిచి అసలు మాట చెప్పేది. "ఆమెకు చెప్పకుండ్రి. ఏదడిగితె అది పెట్టుండ్రి." వాళ్లు ఏడ్చి, నల్లా దగ్గర మొహం కడుక్కుని, నవ్వుకుంటూ లోపలికి వచ్చి రోగిని తీసుకుపోయేవాళ్లు. రోగికి ఆశ, ఇంటివాళ్లకు నిజం. ఇన్నేళ్లలో ఎవరూ ఇదేమిటని అడగలేదు. పైగా ఎస్తేరు సిస్టర్ మాట చల్లగుంటదని పేరు.

ఇక్కడ రేవు గట్టు మీద గుడారాలు వేసి రోగులను పరీక్షిస్తారు. ఆ గుడారాల్లోకే వచ్చింది అమీనత. ముప్పై ఏళ్లుంటాయి. దవడ కింద మొదలై చెవి దాకా పెరిగిన గడ్డ. దాన్ని గుడ్డతో కప్పుకుని, లారీల మీద మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. స్కానింగ్ తీస్తే గడ్డ లోపలికి, పుర్రె అడుగుదాకా పాకి ఉంది. కత్తి పెట్టడానికి లేదు. పెద్ద డాక్టరు ఆ మాట చెప్పబోతుండగా, ఆపరేషన్ థియేటర్లో ఎవరికో రక్తం ఆగడం లేదని కబురొచ్చింది.

"ఎస్తేర్, నువ్వు చెప్పు. మెత్తగా చెప్పు, కానీ చెప్పు" అని ఆయన పరుగెత్తాడు.

ఎస్తేరు ఎదురుగా కూర్చుంది. పక్కన దుబాసీ మమదు, అక్కడి బడిపంతులు. గుడ్డ సందులోంచి అమీనత కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్లను చూడగానే ఎస్తేరు చెయ్యి దానంతటదే లేచి ఆమె భుజం మీద వాలింది. నోరు కూడా దానంతటదే తెరుచుకుంది.

"ఏం భయపడకు. ఈ మందులు వాడు. కొన్నాళ్లాగి చూద్దాం. దేవుడున్నాడు."

మమదు ఒకసారి ఆమె మొహంలోకి చూశాడు. "అంతేనా?"

"అంతే."

అతను చెప్పాడు. అమీనత గుడ్డ తీసేసి నవ్వింది. పరాయి మనుషుల ముందు గుడ్డ తీసి ఎన్నేళ్లయిందో! ఎస్తేరుకు కళ్లనీళ్లొచ్చాయి. అలవాటు చొప్పున లేచి గుడారం బయటికొచ్చి, ఈమె తాలూకు మనుషులెవరని చూసింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఒక్కతే వచ్చింది. వాళ్లక్క ఊళ్లో పిల్లల దగ్గర ఉండిపోయింది" అన్నాడు మమదు.

నిజం చెప్పడానికి వరండాలో మనిషి లేడు. రేపో మాపో ఎవరో ఒకరు తీసుకుపోవడానికి రాకపోతారా అని ఎస్తేరు తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇంకో రోగి పిలిస్తే వెళ్లిపోయింది కూడా.

ఎవరూ రాలేదు. అమీనతా పోలేదు. మర్నాడు చూస్తే, ఆగమన్నారు కదా అని రేవు గేటు బయట ఒక కంటెయినర్ నీడలో చాప పరుచుకుని కూర్చుంది. ఓడ మీద ఎస్తేరు కనబడగానే చెయ్యి ఊపింది. ఎస్తేరూ ఊపింది. మూడు రోజులు సంతోషంగానే ఊపింది. నాలుగో రోజు నుంచి గబుక్కున ఊపేసి లోపలికి తప్పుకునేది. ఏడో రోజుకు ఓడ అవతలి పక్క నుంచి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లు పనిచేసిన నర్సు, ఒక చాపకు భయపడి!

తొమ్మిదో రోజు పొద్దున మార్గ్రీత్ పిలిచింది.

"ఆ అమ్మాయికి ఏం చెప్పావు?"

"మెత్తగా చెప్పాను మేడం."

"ఏ మాటలు చెప్పావు?"

ఎస్తేరు ఉన్నదున్నట్టు చెప్పింది. మార్గ్రీత్ గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది.

"ఆమె బతికేది మహా అయితే ఐదు నెలలు. అందులో తొమ్మిది రోజులు మన గేటు ముందు పోయాయి. సాయంత్రం నేను వెళ్లి చెబుతాను. నువ్వు రేపటి నుంచి వార్డులో చెయ్యి."

ఎస్తేరుకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అయినా అబద్ధమెందుకు, అన్నిటికన్నా ముందు ప్రాణం తేలికపడింది. తను చెప్పనక్కర్లేదు. ఆ కళ్లను ఇంక చూడనక్కర్లేదు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని స్టీఫెన్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పుకుంది. అక్కడ అప్పటికే పొద్దు గూకుతోంది, వెనకాల ఆటోల హారన్లు వినబడుతున్నాయి.

"నువ్వేం తప్పు జేసినవే? మన దగ్గర గట్లనే చెప్తరు గద. మీ అమ్మకు గూడ గట్లనే చెప్తిమి. ఏ రంధి లేకుంట మంచిగ పోయింది" అన్నాడు స్టీఫెన్. పెళ్లాన్ని ఓదార్చడానికే అన్నాడు.

"మంచిగ పోయిందా?" అంది ఎస్తేరు. ఫోన్ పెట్టేసింది.

నర్సంపేటలో ఉండే అమ్మకు కడుపులో గడ్డ అని తేలినప్పుడు, "ఎండలు తగ్గినంక ఆపరేషన్ జేస్తరమ్మా" అని చెప్పింది ఎస్తేరే. అమ్మ నమ్మింది. అమ్మకూ, ఏటూరునాగారంలో ఉన్న చెల్లెలు చిలుకమ్మకూ ఒక పెళ్లి దగ్గర మాటపట్టింపు వచ్చి ఆరేళ్లుగా మాటల్లేవు. మంచంలో పడ్డాక అమ్మకు రోజూ చెల్లెలి తలపే. "పోయి మాట్లాడరాదే అమ్మా" అంటే, "ఆపరేషన్ కానియి. గీ మొఖమేసుకొని పోతె జాలి కోసం వచ్చిందంటది. మంచిగై నేనే పోత" అనేది. "సరే తియ్" అనేది ఎస్తేరు, నిజం తెలిసిన ఎస్తేరు. ఎండలు తగ్గకముందే అమ్మ పోయింది.

సమాధి దగ్గర చిలుకమ్మ చిన్నమ్మ అందరి ముందూ అడిగింది. "నీకు ఎర్కనా బిడ్డా? ఎన్నొద్దులసంది ఎర్క?"

"నాలుగు నెలలసంది చిన్నమ్మా."

చిన్నమ్మ అన్నం ముట్టకుండా బస్సెక్కింది. రెండేళ్లయింది, ఈ రోజుకీ ఎస్తేరు ఫోన్ చేస్తే ఎత్తదు. ఇంతదూరం ఎందుకొచ్చావని ఓడలో ఎవరైనా అడిగితే దేవుడి సేవ అని చెప్పేది గానీ, నర్సంపేట తోవ తప్పించుకోవడానికే వచ్చిందని ఆమెకు తెలియదా?

ముందున్న పళ్లెం అలాగే వదిలి లేచింది. మార్గ్రీత్ మెట్ల దగ్గర ఎదురైంది.

"మార్గ్రీత్, నేనే చెబుతాను."

మార్గ్రీత్ ఆమెను పరీక్షగా చూసింది. "ఈసారి మాట తప్పుతుందా?"

"తప్పదు."

మమదును వెంటబెట్టుకుని గేటు దాటింది. అమీనత దూరం నుంచే చూసి, తనకు పిలుపొచ్చిందనుకుని మూట సర్దుకుంటూ లేవబోయింది. ఎస్తేరు ఆమెను కూర్చోబెట్టి తనూ చాప మీద కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమీనతా, ఆ రోజు నేను నీకు నిజం చెప్పలేదు. ఈ గడ్డకు ఆపరేషన్ లేదు. ఇక్కడే కాదు, ఎక్కడా లేదు. నువ్వెన్ని రోజులు కూర్చున్నా పిలుపు రాదు."

మమదు ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాడు. అమీనత చేతిలో మూట అలాగే ఉండిపోయింది.

"ఆ రోజే నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ రోజూ చెయ్యి ఊపావా?"

"ఊపాను. తప్పు చేశాను."

అమీనత ఆమె చేతిని విసిరికొట్టింది. తర్వాత అరిచిన అరుపుల్లో సగం మమదు తర్జుమా చెయ్యలేదు, చెయ్యాల్సిన పనీ లేకపోయింది. బస్తాలు మోసేవాళ్లు ఆగి చూశారు. ఎస్తేరు కదల్లేదు. ఈ తిట్లు రెండేళ్లుగా తనకు రావలసి ఉన్నవే అనిపించి తల వంచుకుని కూర్చుంది.

అరిచి అరిచి అలిసిపోయాక అమీనత అడిగింది. "ఎన్నాళ్లు?"

"ఐదు నెలలంటున్నారు. తక్కువ కూడా కావచ్చు. నొప్పి తెలియకుండా మందులిస్తాం. మీ ఊరివైపు పోయే మా జీపు ఇవాళే ఉంది."

"చిన్నదానికి అప్పటికి మాటలొస్తాయి" అంది అమీనత, ఎవరితోనో కాదు, తనలో తనే. మూటలోంచి ఫోన్ తీసి, నొక్కి, ఎస్తేరు చేతిలో పెట్టింది. "మా అక్క. నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

అక్క పలికింది. వెనకాల కోళ్ల అరుపులు, పిల్లల గోల. ఎస్తేరు తనెవరో చెప్పి, ఇందాకటి మాటలే మళ్లీ చెప్పింది. మమదు ఫోన్ మీదికి వంగి చెప్పాడు. పిల్లలకు దూరంగా జరిగిందేమో, గోల తగ్గింది. తర్వాత అక్క గొంతు బాగా తగ్గించి, గుసగుసగా ఏదో అడిగింది. ఇరవై రెండేళ్లు వరండాలో విన్న గుసగుసే అది. మమదు చెప్పకముందే ఎస్తేరుకు అర్థమైంది.

"చెల్లెలికి తెలుసా అని అడుగుతోంది. తెలియకపోతే చెప్పొద్దంటోంది" అన్నాడు మమదు.

ఎస్తేరు అమీనత వైపు చూసింది. అమీనతా ఆమెనే చూస్తోంది.

"తెలుసు. ముందు ఆమెకే చెప్పాను. ఇక్కడే, నా పక్కనే కూర్చుని వింటోంది."

అవతల అక్క బావురుమంది. అమీనత ఫోన్ లాక్కుంది. ఆమె గొంతు గట్టిగా ఉంది, విసుగ్గా కూడా ఉంది.

"ఏడవకు. ఎల్లుండి చీకటిపడేసరికి వస్తాను. నేనొచ్చేదాకా పిల్లల్ని పడుకోనివ్వకు."

మాట్లాడుతూనే రెండో చేత్తో చాప చుట్టడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చి చాప ఆగిపోయింది. మిగిలిన సగం మీద ఎస్తేరు కూర్చుని ఉంది. లెమ్మని చేత్తో సైగ చేసింది అమీనత. ఎస్తేరు లేచింది.