ఖాళీగా ఉన్నప్పుడు అమ్మ

ఫోటో స్టూడియో తెరవగానే కూతురు ముందు కంప్యూటర్ ఆన్ చేసేది. తర్వాత, మతిమరుపు ముదిరిపోయిన అమ్మను దాని పక్కన కుర్చీలో కూర్చోబెట్టేది. ఆ మిషన్ ఏ పనీ లేకుండా ఉన్నకొద్దీ అమ్మకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చేవి. తన పేరు, పోయిన మొగుడి గురక, చివరికి కూతురు.

"ఏమే చిట్టీ, ఇవాళా తల దువ్వుకోలేదా?"

ఇందులో వింతేం లేదన్నాడు మెకానిక్. "కంప్యూటర్ తన మెమరీని ఊరికే ఖాళీగా ఉంచుకోదక్కా. తీరిక దొరికితే ముందుముందు కావాల్సినవి తెచ్చి పెట్టుకుంటుంది. ఇది అమ్మగారి జ్ఞాపకాలు తెచ్చుకుంటోంది. పని తగిలితే మటుకు వాటిని వదిలేసి చోటిస్తుంది. ఆవిడ తలలో అసలుది ఉన్నంతకాలం మళ్ళీ తెచ్చుకుంటుందిలే."

ఆ అసలుదే రోజురోజుకీ కరిగిపోతోంది. పాస్‌పోర్టు ఫోటోల్లాంటి చిన్న పనులకైతే అమ్మ ఏ చెల్లెలి పేరో మరిచిపోయి, కాసేపటికి తేరుకునేది. పెద్ద పనులు ఒప్పుకోవడం మానేసింది కూతురు. "అమ్మగారు హుషారుగా ఉన్నారంటే బేరాల్లేవన్నమాట," అని నవ్వేవాడు పక్క కొట్టు టైలరు.

ఒక మధ్యాహ్నం లైన్‌మన్ భార్య వచ్చింది. పొద్దున కరెంటు స్తంభం మీంచి పడి ఆయన పోయాడు. ఆమె దగ్గరున్నది ఒకే ఒక్క ఫోటో. గుంపులో, వెనక వరసలో, గోరంత మొహం.

"పెద్దది చేసివ్వక్కా. దెబ్బకి మొహం నుజ్జయిపోయింది. పిల్లలకి చూపించలేను."

ఆ గోరంతలోంచి మనిషిని బయటికి లాగాలంటే మిషన్ తన దగ్గరున్నదంతా ఖాళీ చెయ్యాలి.

"మిషన్ బాగాలేదమ్మా," అంది కూతురు తల వంచుకుని.

"అబద్ధమాడ్డానికి నోరెలా వచ్చిందే?" అంది అమ్మ. "నిక్షేపంలా ఉంది. చేసివ్వు."

"అమ్మా, నువ్వు..."

"నేనెలాగూ జారిపోయేదాన్నే. ఆ పిల్లకి మొగుడి మొహం ఇంకెక్కడ దొరుకుతుంది?"

కూతురు పనిలో కూర్చుంది. తెర మీద కనుబొమలు విడివడ్డాయి. పెదవి మీద మచ్చ తేలింది. వెనకనుంచి అమ్మ "చిట్టీ" అని రెండుసార్లు పిలిచింది, రెండోసారి ఎవరినో అడుగుతున్నట్టు. కూతురు తిరిగి చూడలేదు. చూస్తే చెయ్యి ఆగిపోతుంది.

ఫోటోను గుండెకు హత్తుకుని లైన్‌మన్ భార్య వెళ్ళిపోయింది. మిషన్ మళ్ళీ ఖాళీ అయింది. కూతురు అమ్మ మొహంలోకే చూస్తూ కూర్చుంది. పొద్దు వాలింది. ఏదీ తిరిగి రాలేదు.

అమ్మ జుట్టు సర్దుకుని, మొహమాటంగా అడిగింది. "చాలాసేపట్నుంచీ కూర్చున్నానమ్మా. నా ఫోటో ఎప్పుడు తీస్తారు?"

కూతురు లైట్లు వేసి, చెయ్యి పట్టుకుని ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"గడ్డం కొంచెం పైకెత్తండి," అంది.