పక్క చేలో నవ్వు

రోజుకు వంద రూపాయలు ఎక్కువిస్తానన్నా రాలేదంటే ఇక ఆ ఆడవాళ్ళకు ఏం కావాలో నాకర్థం కావటం లేదు, నూజెండ్ల నుంచి కూలీల ఆటో నా గట్టు ముందు నుంచే వెళ్ళింది, ఆగుతుందేమోనని లేచి కండువా కూడా దులుపుకున్నాను, ఆగలేదు, పోయి పోయి జానకిరామయ్య మిరపచేను దగ్గర ఆగింది, ఎకరన్నర కౌలు చేసుకునేవాడు, నాకు ఏడెకరాలూ, బొలేరో బండీ, హాల్లో ఏసీ, అయినా కోతకు మనుషులు వాడికే దొరుకుతారు, పైన మబ్బు కమ్ముతోంది, చెట్ల మీద కాయంతా పండి ఉంది, గట్టి వాన ఒక్కటి పడితే సగం రంగు పోయి తాలుకాయ కింద చవగ్గా పోతుంది, అయినా నిజం చెప్పాలంటే వాన కంటే ఆ ఆటో ఆగకపోవటమే నన్ను ఎక్కువ మండిస్తోంది.

కూలీల ముఠా పెద్ద పుల్లమ్మ ఇంటికి నిన్న నేనే వెళ్ళాను, డబ్బులదేముందిలే ఆసామీ, నీ చేలో మంచినీళ్ళకు లేచినా ఫోన్ తీసి టైం చూస్తావు, ఆయన చేలో పొద్దే తెలవదు అంది, మొహానే అనేసింది, పొద్దు తెలవకపోవటమేంది, వాడేమన్నా సినిమా చూపిస్తున్నాడా, పొద్దున నా భార్య ధరణి కాఫీ ఇస్తూ పోనీ నేనెళ్ళి అడగనా అంది, నువ్వడిగితే పరిగెత్తుకొస్తారా, లోపలికి పో అన్నాను, పోయింది, ఎదురు మాట్లాడదు, మెడనిండా బంగారం చేయించాను, ఏం తక్కువ చేశాను, అలికిడి లేని ఇల్లు, అదృష్టవంతుడివిరా అంటారు అందరూ.

అదిగో మళ్ళీ నవ్వులు, అందరి నవ్వుల్లోంచి ఒకటి పైకి లేస్తోంది, ఊపిరందక ఆగి, మళ్ళీ మొదలై, ఎవరిదో, అంతగా నవ్వటానికి వాడేమన్నాడు, ముందు పళ్ళు కూడా లేవు వాడికి, నా చేలో ఎవరైనా ఒక్కసారి అలా నవ్వితే ఆటో కిరాయి కూడా నేనే ఇద్దును, ఛీ, ఏం ఆలోచిస్తున్నాను, కానీ కడుపు మండిపోతోంది, ఆ నవ్వు వాడికెందుకు, నాకెందుకు లేదు, కాళ్ళు గట్టు దాటేశాయి, మొహాన ఒక చినుకు పడింది, ఎత్తిపోతల జలపాతం దగ్గర తుంపర కూడా ఇలాగే పడింది, పెళ్ళైన కొత్త, తడిసిన మొహంతో ధరణి ఒకటే నవ్వు, ఊపిరందకుండా, ఇలాగే, అచ్చం ఇలాగే, నలుగురూ చూస్తున్నారు, ఏందే ఆ ఇకిలింపులు అన్నాను అప్పుడు, మిరపసాళ్ళ మధ్యలోకి తొంగిచూస్తే పుల్లమ్మ పక్కన, కొంగు నడుముకు దోపుకుని, కాయ కోస్తూ, ధరణి.

పుల్లమ్మే ముందు నన్ను చూసింది, రేపు మీ చేలోకే వస్తాం ఆసామీ, నీ డబ్బులకి కాదు, ధరణమ్మ వచ్చి అడిగింది అంది, అప్పుడు ధరణి తలెత్తింది, నన్ను చూసింది, కొంగు తీసి భుజం మీద కప్పుకుంది, నవ్వు ఆగిపోయింది, జానకిరామయ్య రా అన్నా, మంచినీళ్ళు తాగు అంటున్నాడు, రేపు ముఠా వస్తుంది, కాయ దక్కుతుంది, పొద్దుటి నుంచీ నేను ఏడ్చి చచ్చింది నా ఇంట్లో నవ్వు మీదే, అది ఇన్నేళ్ళూ నన్ను చూసే ఆగిపోతోంది.